పైనుంచి డబ్బు రానప్పుడు

పురపాలక సంఘంలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేరి, నీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు చూసుకుంటూ రిటైరైనవాణ్ణి. కొలువంతా కృష్ణా డెల్టా పట్టణాల్లోనే గడిచింది. నిధులు పుష్కలంగా వచ్చిన ఏళ్లు కొన్ని చూశాను. రాష్ట్ర ఖజానా బిగుసుకుపోయిన ఏళ్లు అంతకంటే ఎక్కువే చూశాను. వార్డు సచివాలయాల్లో కొత్తగా చేరిన పిల్లలు, మొదటిసారి గెలిచిన కౌన్సిలర్లు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. "నిధులు ఆపేశారండీ, ఇప్పుడేం చేయాలి?" అనేదే వాళ్ల ప్రశ్న. వచ్చినవాళ్లకు విడివిడిగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

1. కోత ఆ పేరుతో రాదు

పట్టణాలకు డబ్బు తగ్గించామని ఏ ఆర్థిక మంత్రీ శాసనసభలో చదవరు. కేటాయింపు అంకె నిరుటికంటే పెద్దదిగానే కనిపిస్తుంది. అసలు కోత ఆ తర్వాత మొదలవుతుంది. నిధుల విడుదల ఉత్తర్వు రెండు మూడు నెలలు ఆలస్యమవుతుంది. అది వచ్చేసరికి ట్రెజరీలో ఆంక్షలు పెట్టి ఉంటారు, జీతాలు, పింఛన్లు తప్ప వేరే బిల్లు ముట్టుకోరు. ఆంక్షలు సడలిన రోజున బిల్లు ఆన్‌లైన్‌లో ఎక్కుతుంది, టోకెన్ నంబరు పడుతుంది, అక్కడితో ఆగుతుంది. మార్చి 31 దాటితే మిగిలిన కేటాయింపు మురిగిపోతుంది.

2018లో ఆంధ్రలో సీఎఫ్ఎంఎస్ అనే ఆన్‌లైన్ ఖజానా చెల్లింపుల వ్యవస్థ వచ్చాక ఈ ఇబ్బంది ఇంకో మెట్టు ఎక్కింది. ఊరి జనం దగ్గర మనమే వసూలు చేసిన ఆస్తిపన్ను, నీటి చార్జీలు కూడా ఖజానాలోని పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాలో ఉంటాయి. మన డబ్బుతో మన మోటారు బాగుచేయించుకోవడానికీ పైవాళ్ల అనుమతి కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

అందుకే బడ్జెట్ వచ్చిన రోజు పత్రికలో అంకె చూసి సంతోషపడకండి, బాధపడకండి. పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ పద్దు తెరిచి రెండేళ్ల కిందటి ఏడాది బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, వాస్తవ వ్యయం పక్కపక్కన రాసుకోండి. మొదటి అంకెకూ మూడో అంకెకూ ఉన్న తేడాలో మీ ఊరి కాలువలూ దీపాలూ ఉంటాయి.

2. ఎంత వస్తుందన్నదే కాదు, ఏ నెలలో వస్తుందో అడగండి

ఇది చెప్పడానికి మా డెల్టా పట్టణాల నీళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కాలువ పారుతున్నన్నాళ్లూ ఊరికి నీటి లోటు ఉండదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేసేలోపు వేసవి చెరువు నింపుకోవాలి. మళ్లీ జూన్‌లోనో ఆ తర్వాతో నీళ్లు వదిలేదాకా ఊరంతా ఆ చెరువు మీదే బతకాలి. చెరువులో పూడిక తీయాలన్నా, గట్టు లోపలి వాలు బాగుచేయాలన్నా నీళ్లు అడుగంటిన మే నెలాఖరు, జూన్ మొదటి వారాలు తప్ప ఏడాదిలో మరో సమయం లేదు.

ఇక రాష్ట్రం లెక్కల సంవత్సరం చూడండి. ఏప్రిల్‌లో మొదలవుతుంది. కేటాయింపులు కిందికి దిగేసరికి వర్షాకాలం. టెండరు పిలిచి, ఒప్పందం రాసుకునేసరికి చెరువు నిండి ఉంటుంది. డబ్బు వచ్చింది, పని చేసే వీలు లేదు. వచ్చే వేసవికి ఆ డబ్బు ఉండదు. ఇలా రెండు మూడేళ్లు జరిగితే చెరువు లోతు తగ్గుతుంది, కాలువ వదిలేదాకా సరిపోవాల్సిన నీళ్లు ముందే అడుగంటుతాయి, తర్వాత ట్యాంకర్లు. ట్యాంకర్ల మీద పెట్టే ఖర్చుతో ఆ పూడికంతా తీసి ఉండవచ్చు.

మురుగు కాలువల పూడికా అంతే. మే నెలలో తీసిన పూడిక ఊరిని కాపాడుతుంది. ఆగస్టులో తీసింది గట్టు మీద పోస్తాం, మరుసటి వానకు మళ్లీ కాలువలోకే జారుతుంది.

నేను చెప్పేదేమిటంటే, కలెక్టరు దగ్గరికో శాఖాధిపతి దగ్గరికో వెళ్లినప్పుడు "ఇంత ఇవ్వండి" అని మాత్రమే అడగకండి. "దీనిలో ఈ భాగం మే పదో తారీఖులోపు కావాలి, లేకపోతే ఈ ఏడాదికి ఆ పని లేనట్టే" అని కాగితం మీద రాసి ఇవ్వండి. తేదీతో అడిగిన మొత్తం చిన్నదైనా త్వరగా వచ్చిన సందర్భాలు నేను చాలా చూశాను.

3. మొదట పోయేది మరమ్మతు

డబ్బు తగ్గినప్పుడు కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఆగదు, శిలాఫలకం మీద పేర్లుంటాయి కనుక. జీతాలు ఆపితే ధర్నా అవుతుంది. కరెంటు బిల్లు కట్టకపోతే ఒకటి రెండు నోటీసుల తర్వాత ఫ్యూజు పీకుతారు. అందరి కళ్ల ముందూ ఉండి, ఎవరూ అడగనిది మరమ్మతు ఒక్కటే. పంపుహౌసులో రెండో మోటారు కాలిపోతే, "ఒకటి నడుస్తోందిగా" అంటారు. వాల్వు కారుతుంటే గోనెపట్టా చుట్టి పెడతారు. ఫిల్టరు బెడ్‌లో ఇసుక మార్చాల్సిన గడువు దాటిపోతుంది. పటిక కొంచెం తగ్గిస్తారు. నీళ్లు తేటగానే కనిపిస్తాయి.

ఈ చిన్న చిన్న తగ్గింపులన్నీ ఎక్కడ కలుస్తాయో చెబుతాను. కరెంటు బకాయి భయంతో పంపింగ్ గంటలు తగ్గిస్తారు. రెండు పూటలా వచ్చే నీళ్లు ఒక పూటకు, తర్వాత రోజు విడిచి రోజుకు వస్తాయి. నీళ్లు లేని గంటల్లో గొట్టం ఖాళీగా ఉంటుంది, అందులో ఒత్తిడి ఉండదు. పక్కనే మురుగు కాలువ. గొట్టానికి ఎక్కడ చిల్లు ఉంటే అక్కడినుంచి మురుగు లోపలికి వెళ్తుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురుగంతా కలిసి కుళాయిలోకి వస్తుంది. ఇరవై నాలుగు గంటలూ నీళ్లు నిండి ఉండే గొట్టంలో అదే చిల్లు ఉంటే నీళ్లు బయటికి పోతాయే గాని మురుగు లోపలికి రాదు.

2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో మురుగు కలిసిన నీళ్లు తాగి జనం చనిపోయారు. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట, ఆ చుట్టుపక్కల వీధుల్లో అతిసారం ప్రబలింది, అక్కడా ప్రాణాలు పోయాయి, అక్కడా తాగునీటి గొట్టాల్లో మురుగు కలిసిందనే తేలింది. రెండూ పాత గొట్టాలు, ఇరుకు వీధులు, పేదలుండే పేటలు. గొట్టం చివరి ఇళ్లకే ఒత్తిడి అందరికంటే తక్కువ అందుతుంది. ఊళ్లో ఎక్కడ కోత వేసినా దాని బరువు చివరికి అక్కడికే చేరుతుందని ఆ రెండు ఊళ్లూ చెబుతున్నాయి.

కాబట్టి ఎంత కటకటలో ఉన్నా తగ్గించకూడనివి మూడు చెబుతాను. క్లోరిన్, పటిక నిల్వ నెలకు సరిపడేదానికంటే తగ్గకూడదు. రెండో మోటారు ఎప్పుడూ నడిచే స్థితిలో ఉండాలి. మూడోది, గొట్టం చివరి కుళాయి దగ్గర రోజూ పరీక్ష జరగాలి. అక్కడి నీళ్లలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. క్లోరోస్కోప్‌లో నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరుగుతుంది. తిరగకపోతే ఆ వీధికి నీళ్లు ఆపి చిల్లు వెతకాలి. వాల్వులు తిప్పే టర్న్‌కాక్ ఒక్కడే చేయగల పని ఇది. ఖర్చు ఏమంత ఉండదు. ఈ పరీక్ష రిజిస్టరు మీద కమిషనరు గారి సంతకం ప్రతి వారం పడేలా చూడండి.

4. మిషిగన్‌లో జరిగింది

మా మేనల్లుడి కుటుంబం అమెరికాలో మిషిగన్ రాష్ట్రం డెట్రాయిట్ శివార్లలో ఉంటుంది. వాళ్లకు గంటన్నర దారిలోపే ఫ్లింట్ అనే ఊరుంది, అప్పట్లో దాదాపు లక్ష జనాభా. కార్ల ఫ్యాక్టరీలు మూతపడి రాబడి పోయింది. అదే కాలంలో రాష్ట్రం తాను వసూలు చేసే అమ్మకం పన్నులోంచి నగరాలకు పంచే వాటాకు ఏటేటా కోత పెట్టింది. అప్పులు పెరిగాయి. రాష్ట్రం ఎమర్జెన్సీ మేనేజరును వేసింది. ఎన్నికైన మండలి చేతిలో అధికారం లేకుండా పోయింది.

డెట్రాయిట్ నుంచి నీళ్లు కొనడం మానేస్తే రెండేళ్లలో యాభై లక్షల డాలర్లు మిగులుతాయని లెక్క వేశారు. 2014 ఏప్రిల్‌లో ఫ్లింట్ నది నీళ్లకు మారారు. గొట్టాలు తుప్పు పట్టకుండా నీళ్లలో కలపాల్సిన మందు కలపలేదు. దానికి రోజుకు నూరు డాలర్ల దరిదాపుల్లో అయ్యేదంటారు. పాత సీసపు గొట్టాలు కరిగి సీసం పిల్లల ఒంట్లోకి చేరింది. అదే కాలంలో వచ్చిన లెజినేర్స్ వ్యాధితో కనీసం 12 మంది చనిపోయారు. 2014 అక్టోబరులో అక్కడి జనరల్ మోటార్స్ ఇంజిన్ ఫ్యాక్టరీ విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీళ్లు మానేసింది. జనం మాత్రం మరో ఏడాది తాగారు. చివరికి బాధితులకు ఇచ్చిన పరిహారపు ఒప్పందమే 62.6 కోట్ల డాలర్లు, 2021లో కోర్టు ఆమోదించింది.

ఆ కథ చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అంత డబ్బున్న దేశంలో, అంత చదువుకున్న ఇంజినీర్ల మధ్య, నేను రోజూ చూసిన వరసే జరిగింది. పైవాళ్లు వాటా తగ్గించారు, ఊరు రసాయనం దగ్గర పొదుపు చేసింది, అడగాల్సిన మండలి నోరు కట్టేసి ఉంది.

5. చీపురు పట్టినవాళ్ల జీతం మొదటి బిల్లు

దీని గురించి నాకు గట్టి అభిప్రాయముంది. నిధులు తక్కువగా ఉన్న నెలలో ఎవరికి ముందు ఇవ్వాలన్న ప్రశ్న వస్తే అడుగునుంచి మొదలుపెట్టాలి. అవుట్‌సోర్సింగ్ పారిశుధ్య కార్మికురాలికి జీతం రెండు నెలలు ఆగితే ఆమె రోజువారీ వడ్డీకి అప్పు చేస్తుంది. జీతం ఒకేసారి వచ్చినా వడ్డీ మిగలనివ్వదు. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడం ఆలస్యమైతే బిడ్డకు జ్వరమొచ్చిన రోజున ఆసుపత్రిలో కార్డు పనిచేయదు. మనకు ఫైలు మీద అది ఒక పెండింగ్ గీత మాత్రమే.

జీతం కంటే ముందు పోయేవి ఇంకా ఉన్నాయి: బట్టలు, చెప్పులు, సబ్బులు, కొబ్బరినూనె, చేతి తొడుగులు. ఏడాదికోసారి ఇవ్వాల్సినవి ఒక ఏడాది ఎగిరిపోతే ఎవరూ పట్టించుకోరు. వట్టి చేతులతో చెత్త ఎత్తే మనిషి మాత్రం ప్రతిరోజూ పట్టించుకోవాల్సి వస్తుంది. 2015 జూలైలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, 2023 డిసెంబరు చివర్లో ఆంధ్రలోనూ మున్సిపల్ కార్మికులు సమ్మె చేశారు. వీధుల్లో చెత్త కుప్పలు చూసి జనం విసుక్కున్నారు. ఆ కుప్పల వెనక ఏళ్ల తరబడి ఆగిన కాగితాలున్నాయి.

ఇంకొక మాట. మురుగు తోడే యంత్రం బండి రిపేరులో ఉండి, మ్యాన్‌హోల్ పొంగుతుంటే, వీధివాళ్లు అరుస్తుంటే, "ఒక్కసారి ఒకణ్ణి దింపండి సార్" అని ఎవరో ఒకరు అంటారు. దింపకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నేరం చేసింది. అలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో, 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. బండి పక్క ఊరినుంచి అద్దెకు తెప్పించండి. అది వచ్చేదాకా వీధి పొంగనివ్వండి, తిట్లు మీరు పడండి.

6. బకాయికి ధర ఉంది

బిల్లు ఏడాది దాకా రాదని తెలిసిన కాంట్రాక్టరు ఆ ఏడాది వడ్డీ కలుపుకొనే టెండరు వేస్తాడు. అంత ఓపిక లేని చిన్న కాంట్రాక్టర్లు అసలు వేయరు. మూడోసారి పిలిచినా ఒక్కరూ రాని టెండర్లు నా సర్వీసు చివరి ఏళ్లలో మామూలైపోయాయి. వచ్చిన ఒక్కడు అడిగిన ధరకు ఇవ్వాలి, పని నాసిగా ఉన్నా గట్టిగా అడగలేం, పాత బాకీ మనదే కదా. పొదుపు కోసం ఆపిన బిల్లు చివరికి ఊరికి ఎక్కువ ఖరీదైంది.

7. సొంత రాబడి లేని ఊరికి సొంత మాట ఉండదు

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చినప్పుడు మేమంతా ఎంతో ఆశపడ్డాం. పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాశారు. ఆ పనులు చేయడానికి నగరాలకంటూ పన్నుల జాబితా మాత్రం రాజ్యాంగంలో రాయలేదు. అయిదేళ్లకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేసి వాటాలు తేల్చమని 243-వై అధికరణం చెప్పింది. చాలా రాష్ట్రాలు ఆ సంఘాన్ని వేళకు వేయవు, వేసినా నివేదికను పక్కన పెడతాయి. 2022 నవంబరులో రిజర్వు బ్యాంకు నగరపాలక సంస్థల ఆర్థిక స్థితిపై నివేదిక ఇచ్చింది. పదేళ్లకు పైగా మన నగరాల రాబడి దేశ ఉత్పత్తిలో ఒక శాతం దగ్గరే ఆగిపోయిందని అందులో ఉంది. బ్రెజిల్‌లో అది ఏడు శాతం పైన.

మన దగ్గర ఊరి పేరు మీద ఉన్న రాబడిలో చాలా భాగం రాష్ట్రం చేతి మీదుగానే వస్తుంది. ఇల్లు అమ్మినా కొన్నా స్టాంపు డ్యూటీ మీద పడే సర్‌చార్జి మనదే, కాని రిజిస్ట్రేషన్ శాఖ వసూలు చేసి పంపాలి. వృత్తి పన్నులో వాటా అంతే. సినిమా హాళ్ల వినోదపు పన్ను 2017 జూలై 1న జీఎస్టీలో కలిసిపోయింది. ఖజానా ఖాళీ అయిన రోజు ఈ బదిలీలన్నీ మొదట నెమ్మదిస్తాయి.

మిగిలింది ఆస్తిపన్ను. 2002 తర్వాత 2021 దాకా నివాస గృహాలకు దాన్ని పెంచడానికి ఏ ప్రభుత్వమూ ఇష్టపడలేదు. 2021లో ఆంధ్రలో ఆస్తి విలువ ఆధారంగా లెక్కించే పద్ధతి వచ్చింది, ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా కట్టుబాటు పెట్టారు. అప్పుడు జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. కేంద్రం 15వ ఆర్థిక సంఘం కింద 2021 నుంచి 2026 దాకా పట్టణాలకు 1,21,055 కోట్లు ఇవ్వాలనుకుని, పన్ను రేట్లకు కనీస స్థాయి నిర్ణయించాలి, ఆడిట్ లెక్కలు ఆన్‌లైన్‌లో పెట్టాలి అని షరతులు పెట్టింది. షరతులు నాకు సబబుగానే అనిపించాయి.

అదే 2021లో చెత్త రుసుము వచ్చింది, జనం దాన్ని చెత్త పన్ను అన్నారు, 2024లో తీసేస్తున్నామని ప్రకటించారు. పేద ఇంటిమీద వేయడం తప్పని నేనూ అన్నాను. తీసేసినందుకు సంతోషమే. కాని బండి డీజిలు ఖర్చు రుసుముతో పాటు పోలేదు. ఆ భారం ఎవరు మోస్తారో అదే ఉత్తర్వులో రాసి ఉండాల్సింది. ఏ పన్ను ఎత్తేసినా ఈ ప్రశ్న అడగండి.

మొండి బకాయిల సంగతికి వస్తే, నేను పనిచేసిన ఊళ్లలో ఆ జాబితా పైన ఉండేవి ప్రభుత్వ కార్యాలయాలే. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు రాజ్యాంగంలో మినహాయింపు ఉంది, రాష్ట్ర కార్యాలయాలకు లేదు. రేకుల ఇంటికి డిమాండ్ నోటీసు అంటించే ముందు ఆ కార్యాలయాల జాబితా కౌన్సిల్ ముందు పెట్టండి. రాష్ట్రం మనకు ఇవ్వాల్సినదాంట్లో మొదటి విడత అక్కడే ఉంది.

8. అప్పుతో కొత్తది కట్టవచ్చు, పాతది నడపలేం

హైదరాబాద్ మహానగరపాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో బాండ్లతో 200 కోట్లు తెచ్చింది, అదే ఏడాది చివర్లో విశాఖ 80 కోట్లు తెచ్చింది. పెద్ద నగరాలకు అది సాధ్యం. వంతెన కట్టడానికి తెచ్చిన అప్పు వంతెన ఉన్నన్నాళ్లూ తీర్చుకోవచ్చు. నెల జీతానికీ, కరెంటు బిల్లుకూ అప్పు చేయమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.

9. సూరత్‌ను సగం మాత్రమే చెప్పేవాళ్లున్నారు

1994 సెప్టెంబరులో ప్లేగు వచ్చి సూరత్ జనం లక్షల్లో ఊరొదిలి వెళ్లారు. మరుసటి ఏడాది ఎస్.ఆర్. రావు గారు కమిషనరుగా వచ్చి రెండేళ్లలో ఆ నగరాన్ని దేశంలోని శుభ్రమైన నగరాల వరసలో నిలబెట్టారు. ఏసీ గదుల్లోంచి డైలీ చోర్స్‌కు, అంటే రోజువారీ పనులకు అన్న అర్థంలో "ఏసీ నుంచి డీసీకి" అని పేరు పెట్టి, అధికారులందరినీ రోజూ వీధుల్లోకి పంపారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. డబ్బు లేకపోయినా మనసుంటే చాలు అనేవాళ్లు ఈ కథ చెబుతుంటారు. వాళ్లు చెప్పనిదేమిటంటే, అప్పట్లో గుజరాత్ నగరాలకు ఆక్ట్రాయ్ ఉండేది. ఊళ్లోకి వచ్చే సరుకు మీద పన్ను నేరుగా నగరం ఖాతాలో పడేది. రావు గారు సంతకం చేస్తే డబ్బు కదిలేది. అంత సమర్థుడైన అధికారికే చేతిలో రాబడి అవసరమైంది. ఎవరైనా మీకు సూరత్ చూపిస్తే ఆ రెండో సగం కూడా చెప్పండి.

10. వాయిదా పడ్డ పనులకు ఒక రిజిస్టరు పెట్టండి

కౌన్సిల్ లేని కాలంలో కోతలు సులువుగా నడిచిపోతాయి. 2010 నుంచి 2014 దాకా, మళ్లీ 2019 నుంచి 2021 దాకా ఆంధ్ర పట్టణాల్లో ఎన్నికైన మండళ్లు లేవు. మండళ్ల బదులు పాలన చూసిన ప్రత్యేకాధికారుల్లో మంచివాళ్లు ఉన్నారు, వాళ్లతో పనిచేశాను. కాని వాళ్లను వీధిలో ఆపి "మా కుళాయి ఎందుకు రావట్లేదు?" అని అడిగే హక్కు ఉందని జనం అనుకోరు. కౌన్సిలరును ఆపి అడుగుతారు.

అలా అడిగినప్పుడు కౌన్సిలరు దగ్గర జవాబు ఉండాలి. దానికోసం నేను ఒక మామూలు రిజిస్టరు నడిపాను. ఆగిపోయిన ప్రతి పనికి ఒక వరస: పని పేరు, వీధి, అంచనా, ఏ తేదీన ఎవరి ఉత్తర్వుతో లేదా ఏ నిధి రాక ఆగింది, ఆగినందువల్ల ఇప్పటికి ఎంత అదనపు ఖర్చయింది, ఎవరికి ఏ ప్రమాదం. చివరి రెండు గడులు నింపడం కష్టం, అధికారులు ఖాళీగా వదలమంటారు. వదలకండి. ట్యాంకర్ల బిల్లు, అద్దె మోటారు బిల్లు, ఆసుపత్రిలో అతిసారం కేసుల లెక్క, అన్నీ అక్కడికే రావాలి. ఏటా బడ్జెట్ సమావేశానికి ముందు దాన్ని నకలు తీసి ప్రతి సభ్యునికి ఇవ్వండి, ఒక ప్రతి ఎమ్మెల్యే గారికి పంపండి, వార్డు సచివాలయం గోడకు అంటించండి. ఆ వీధి పేరు చదువుకున్నవాళ్లు వచ్చి అడుగుతారు, కోపంగానే అడుగుతారు. కూర్చోబెట్టి లెక్క చూపించండి. ఏ నిధి ఎక్కడ ఆగిందో అర్థమైనవాళ్లు మీమీద కేకలేయడం ఆపి, మీతో కలిసి జిల్లా కేంద్రానికి అర్జీ పట్టుకుని వస్తారు. మా ఊరి నుంచి అలా వెళ్లిన ఒక అర్జీతోనే వేసవి చెరువు పూడికకు మే నెలలో నిధులు విడుదలయ్యాయి.